కంచరపాలెంలో ఒక ఇంటి ట్యూషన్: పదో తరగతి ఇంగ్లీషుకు ఏడాది సాధన

మా అమ్మాయి పదో తరగతి చదివిన ఏడాదంతా, విశాఖపట్నం కంచరపాలెంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని తమ ఇంటి ముందు గదిలో నడిపే ఇంగ్లీషు ట్యూషన్‌కు వెళ్లింది. జూన్ మూడో వారంలో చేరి, మార్చిలో ఇంగ్లీషు పబ్లిక్ పరీక్షకు ముందు రోజు సాయంత్రం దాకా అక్కడే సాధన చేసింది. మేము మర్రిపాలెంలో ఉంటాము, నాది రైల్వే ఉద్యోగం. డ్యూటీ లేని సాయంత్రాల్లో అమ్మాయిని బండి మీద దింపి, తరగతి ముగిసేదాకా ఆ ఇంటి వరండాలోనే కూర్చునేవాడిని కాబట్టి లోపల జరిగేది చాలా మేరకు నా చెవులతో విన్నాను, మిగిలినది ఇంటికి వచ్చాక ఆమె నోటుపుస్తకాల్లో చదివాను. ఆ ఇంటికి బోర్డు లేదు. తన పేరు గానీ వీధి పేరు గానీ రాయవద్దని మేడం కోరారు, ఎందుకంటే ఆ గదిలో పాతిక మందికి మించి పట్టరు, కాదని వెనక్కి పంపడం ఆమెకు కష్టం. ఆ మాటకు కట్టుబడుతూనే ఈ సమీక్ష రాస్తున్నాను. పిల్లలను ఇంగ్లీషు ట్యూషన్‌కు పంపబోయే తల్లిదండ్రులు ఎక్కడికి వెళ్లినా అక్కడ ఏం చూడాలో, ఏం అడగాలో తెలుసుకోవడానికి ఈ అనుభవం పనికి వస్తుందని నా నమ్మకం.

ముందుగా పరీక్ష సంగతి చెప్పాలి. మన రాష్ట్రంలో పదో తరగతి ఇంగ్లీషు పేపరు 100 మార్కులకు, 3 గంటల 15 నిమిషాల వ్యవధితో ఉంటుంది. అందులో చదివి అర్థం చేసుకునే భాగానికి 30 మార్కులు, వ్యాకరణానికీ పదజాలానికీ కలిపి 40, సొంతంగా రాసే భాగానికి 30. అంటే 70 మార్కులు ఒక పేరాను ఎంత జాగ్రత్తగా చదివారు, ఒక వాక్యాన్ని ఎంత సరిగ్గా మార్చారు, ఒక మాటకు సరైన రూపం రాశారా లేదా అన్న దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఈ లెక్క నాకు తొమ్మిదో తరగతి ముగిసేదాకా తెలియదు. పాఠాల వెనక ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టడమే ఇంగ్లీషు చదవడమని నేనూ అనుకున్నాను, మా అమ్మాయీ అనుకుంది. నేను చదివింది తెలుగు మీడియం, ఆమె అయిదో తరగతి వరకు చదివిందీ అదే.

ఈ ట్యూషన్‌కు ముందు రెండు ప్రయత్నాలు చేశాము. మొదటిది ఒక గైడు. అందులో ప్రతి పేరాకూ ప్రశ్నలు, వాటి కిందనే జవాబులు అచ్చువేసి ఉండడంతో పిల్ల పేరా చదవకుండానే జవాబు చదివేది. రెండోది ఫోన్లో వాడుకునే ఒక అప్లికేషన్, ఏడాది చందా కట్టి తీసుకున్నాము. అందులో వ్యాకరణం ప్రశ్నలన్నిటికీ నాలుగు జవాబులు ఇచ్చి ఒకటి ఎంచుకోమనేవారు. నెల తిరిగేసరికి మా అమ్మాయికి అందులో నూటికి తొంభై రావడం మొదలైంది, నేను సంతోషించాను. బడిలో పరీక్ష పెడితే 100కు 46 వచ్చాయి. జవాబుపత్రం తెప్పించి చూస్తే కారణం కళ్ల ముందే ఉంది. సరైన వాక్యాన్ని నాలుగింటిలో గుర్తుపట్టగలిగిన పిల్ల, అదే వాక్యాన్ని తెల్ల కాగితం మీద మొదటి నుంచి చివరి దాకా రాయవలసి వచ్చినప్పుడు స్పెల్లింగు తప్పింది, చివర చుక్క మరచింది, పెద్దబడి అక్షరం పెట్టవలసిన చోట చిన్నబడి అక్షరం పెట్టింది. మన పబ్లిక్ పరీక్షలో వ్యాకరణం ప్రశ్నల్లో చాలా వాటికి వాక్యం మొత్తం చేత్తో రాయాలి. గుర్తుపట్టడం వేరు, రాయడం వేరు. ఈ తేడా తెలిశాకే కాగితం మీద సాధన చేయించే చోటు కోసం వెతికి, తెలిసినవారి ద్వారా ఈ మేడం దగ్గరకు వచ్చాము.

తరగతి వారానికి నాలుగు రోజులు, సాయంత్రం 6 నుంచి 7:30 దాకా ఉంటుంది. మొదటి ముప్పావు గంట చదవడానికే కేటాయిస్తారు. ఒక పేజీ జిరాక్స్ కాగితం ఇస్తారు. దాని మీద చూడని పేరా ఒకటి మాత్రమే ఉంటుంది, ప్రశ్నలు ఉండవు. పిల్లలు దాన్ని రెండుసార్లు చదివి, పక్కన పెట్టి, అందులో ఏముందో తెలుగులోనైనా సరే మూడు వాక్యాల్లో చెప్పాలి. ఆ తరువాతే ప్రశ్నల కాగితం అందుతుంది. మొదట్లో ఈ తెలుగులో చెప్పించడం నాకు నచ్చలేదు. ఇంగ్లీషు నేర్పమని పంపితే తెలుగు మాట్లాడిస్తున్నారేమిటని ఒకసారి ఆమెనే అడిగాను. "అర్థమైందో లేదో తెలియాలంటే అర్థమయ్యే భాషలోనే చెప్పించాలండీ" అన్నారు. రెండు నెలలు గడిచేసరికి పిల్లలు వాళ్లంతట వాళ్లే ఇంగ్లీషు వాక్యాలు కలుపుతూ చెప్పడం వరండాలో కూర్చుని విన్నాక, నేను తొందరపడ్డానని ఒప్పుకున్నాను.

ఆ పేరాలు ఆమె సొంతంగా రాస్తారు. చాలావరకు మన ఊరి విషయాలే. ఓడరేవు, తొట్లకొండ, బొర్రా గుహలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ తుపాను. నాకు బాగా గుర్తుండిపోయినది ఆర్కే బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామి మీద రాసిన పేరా. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరిందని, 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి తప్పించారని, 2002లో ఒడ్డున ప్రదర్శనశాలగా తెరిచారని అందులో ఉంది. అది ఎన్ని నిండు సంవత్సరాలు సేవలో ఉంది అన్నది ఒక ప్రశ్న. గదిలో అందరూ 2001లోంచి 1969 తీసివేసి 32 అని రాశారు. నెలలు చూస్తే 31 ఏళ్లు నిండి, పైన రెండు నెలలు మాత్రమే అయ్యాయి. ఆ రోజు ఆమె ఎవరికీ జవాబు చెప్పలేదు. పేరాలోకి మళ్లీ వెళ్లి, జవాబుకు ఆధారమైన మాటల కింద గీత గీసి తెమ్మన్నారు. గీత గీసేటప్పుడే తప్పు ఎవరికి వారికే కనిపించింది. అప్పటి నుంచి ప్రతి జవాబుకూ పేరాలో గీత ఉండాలన్నది నియమం, గీత లేని జవాబు ఒప్పయినా మార్కు ఇవ్వరు. మా అమ్మాయి ఫలితంలో వచ్చిన మార్పుకు ఈ ఒక్క అలవాటే పెద్ద కారణమని నేను అనుకుంటున్నాను.

పరీక్షలో పట్టికలు, గ్రాఫులు ఇచ్చి వాటి ఆధారంగా ప్రశ్నలు అడుగుతారు కదా, దానికి ఆమె వాడిన సాధనం కంచరపాలెం రైతు బజారులో ఆ రోజు ధరలు రాసే బోర్డు. ఇద్దరిద్దరు పిల్లలు వెళ్లి ఆ ధరలు రాసుకుని వచ్చి, వాటి మీద తామే అయిదు ప్రశ్నలు ఇంగ్లీషులో తయారుచేసి పక్క జట్టుకు ఇవ్వాలి. వంకాయ కంటే బెండకాయ ఎంత ఎక్కువ, అన్నిటికంటే చవకైనది ఏది, ఏ రెండింటి ధర సమానం అని అడగాలంటే పోలిక చెప్పే విశేషణాల మూడు రూపాలూ వాడక తప్పదు. పట్టిక చదవడం, ప్రశ్న కట్టడం, విశేషణాల వ్యాకరణం మూడూ ఒక్క సాయంత్రంలో జరిగిపోయాయి. ఆ రాత్రి మా అమ్మాయి నా దగ్గరున్న రైళ్ల సమయాల పట్టిక అడిగి తీసుకుని దాని మీద కూడా ప్రశ్నలు రాసింది. ఎవరూ చెప్పకుండా ఆమె ఇంగ్లీషు పని చేయడం నేను చూసినది అదే మొదటిసారి.

ఇక వ్యాకరణం. ఈ ట్యూషన్‌కు పంపాలా వద్దా అని నన్ను ఎవరైనా అడిగితే, ఈ ఒక్క భాగం కోసమే పంపమంటాను. తెలుగు పిల్లలు ఇంగ్లీషులో చేసే తప్పులు ఎక్కువగా తెలుగులోంచే వస్తాయని, కాబట్టి తప్పును దాని పుట్టింట్లోనే పట్టుకోవాలని ఆమె పద్ధతి. చెప్పే ప్రతి నియమానికీ ముందు తెలుగు వాక్యం బోర్డు మీద రాస్తారు.

నామవాచకాల ముందు వచ్చే ఏ, ఆన్, ది అనే ఆర్టికల్స్ సంగతే తీసుకుంటే, తెలుగులో అవి లేనే లేవు. ఏ ఎక్కడ, ఆన్ ఎక్కడ అన్నదానికి పుస్తకాల్లో ఇంగ్లీషు అచ్చులైన అయిదు అక్షరాల నియమం చెబుతారు, ఆ నియమం పట్టుకున్న పిల్లలు యూనివర్సిటీ ముందు ఆన్ పెడతారు. ఆమె చెప్పిన ఉపాయం వేరు. ఆ మాటను తెలుగు లిపిలో రాసి చూడమంటారు. మొదటి అక్షరం అచ్చయితే ఆన్, హల్లయితే ఏ. యూనివర్సిటీ అని రాస్తే మొదట ఉన్నది యకారం, కాబట్టి ఏ యూనివర్సిటీ. అవర్ అని రాస్తే మొదట అకారం, స్పెల్లింగులో ముందు హెచ్ ఉన్నా ఆన్ అవర్. వన్‌వే రోడ్డుకు వకారం ఉంది కాబట్టి ఏ, ఎమ్మెల్యేకు ఎకారం ఉంది కాబట్టి ఆన్. ఉచ్చరించినట్టే రాసే లిపి మన చేతిలో ఉండగా దాన్ని ఎందుకు వాడుకోకూడదని ఆమె అడిగినప్పుడు, ఇన్నేళ్లుగా ఈ మాట నాకెవరూ చెప్పలేదే అనిపించింది. ఇందులో ఒక ప్రమాదం ఉందని కూడా అప్పుడే హెచ్చరించారు. మనలో చాలామంది ఎగ్‌ను యెగ్ అని, వన్‌ను ఒన్ అని పలుకుతారు. అలా పలికినట్టు రాసుకుంటే జవాబు తారుమారవుతుంది. అందుకని ఆ వారమంతా ముందు ఉచ్చారణ దిద్దించారు.

సిన్స్, ఫర్ అన్న రెండింటి మధ్య తికమకకూ మూలం తెలుగులోనే ఉంది. 2014 నుంచి అన్నా, పదేళ్ల నుంచి అన్నా మనకు ఉన్నది ఒక్కటే నుంచి. ఇంగ్లీషులో మొదటిది మొదలైన క్షణాన్ని చెబుతుంది కాబట్టి సిన్స్, రెండోది గడిచిన కాలం పొడవును చెబుతుంది కాబట్టి ఫర్. నుంచి ముందున్న మాటను లెక్కపెట్టగలమా లేదా అని చూడమంటారు, పదేళ్లు లెక్కపెట్టగలం. పైగా మనం పదేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాం అని వర్తమానంలో చెప్పే మాటకు ఇంగ్లీషులో హావ్ బీన్ తేవలసి ఉంటుంది. ఈ రెండు ఇబ్బందులూ ఒకే వాక్యంలో కలిసి వస్తాయి కనుకనే ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్ అనే వాక్యం మన పిల్లల పత్రాల్లో అంత తరచుగా కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే నేను కూడా ఆఫీసు దరఖాస్తుల్లో అదే రాస్తూ వచ్చాను.

కదా అన్న మాట మీద ఆమె ఒక పూర్తి తరగతి చెప్పారు. నువ్వు వచ్చావు కదా, వాళ్లు రాలేదు కదా, మనం వెళ్లాలి కదా. తెలుగులో ఏ వాక్యానికైనా చివర కదా అంటే చాలు. ఇంగ్లీషులో ఆ చిన్న ప్రశ్న ముందున్న క్రియను బట్టి, కర్తను బట్టి మారుతుంది. ముందు వాక్యం అవునంటే చివర కాదనాలి, కాదంటే అవుననాలి. పిల్లలు అన్నిటికీ ఇజంట్ ఇట్ అని తగిలించడానికి కారణం మన కదాయే.

ఒకరు అన్న మాటను మరొకరికి చెప్పే వాక్యాల విషయంలో ఆమె చూపిన తేడా నాకు అన్నిటికంటే నచ్చింది. రేపు వస్తానని రవి చెప్పాడు అంటాము. ఇందులో వస్తాను అన్నది రవి నోటి నుంచి వచ్చినది వచ్చినట్టే ఉంది, రేపు కూడా అలాగే ఉంది, మధ్యలో అని చేర్చామంతే. ఇంగ్లీషులో చెప్పేవాడి వైపు నుంచి అంతా తిరగరాయాలి. ఐ కాస్తా హీ అవుతుంది, విల్ కాస్తా వుడ్ అవుతుంది, టుమారో కాస్తా ది నెక్స్ట్ డే అవుతుంది. ఆమె ఈ మూడు మార్పులనూ మూడు రంగుల పెన్సిళ్లతో గీయించారు. మనిషి, కాలం, రోజు అని మూడు మాటలు పలుకుతూ ఒక్కో వాక్యాన్నీ సరిచూసుకోవడం మా అమ్మాయికి పరీక్ష హాలు దాకా అలవాటుగా ఉండిపోయింది.

కర్మణి వాక్యాల (పాసివ్ వాయిస్) గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన వ్యాకరణ పుస్తకాల్లో కట్టబడింది, వ్రాయబడింది అంటూ ఎవరూ మాట్లాడని తెలుగుతో వాటిని నేర్పుతారు, దాంతో పిల్లలకు ఆ వాక్యం ఎందుకు ఉందో అర్థం కాదు. ఆమె ఒక తెలుగు దినపత్రిక తెచ్చి, కర్త కనిపించకుండా, కట్టారు, తెరిచారు లాంటి క్రియతో ముగిసే వాక్యాలు వెతకమన్నారు. విశాఖ ఓడరేవును 1933లో ప్రారంభించారు. ఎవరు ప్రారంభించారు అన్నది ఆ వాక్యానికి ముఖ్యం కాదు, ఏం జరిగింది అన్నదే ముఖ్యం. ఇంగ్లీషు సరిగ్గా ఇక్కడే ది పోర్ట్ వజ్ ఓపెన్డ్ అంటుంది. చేసినవారు తెలియనప్పుడు చివర బై దెమ్, బై సమ్‌బడీ అని తగిలించనక్కర్లేదన్నది కూడా అక్కడే అర్థమైపోయింది. రెండు వాక్యాలను హూ, విచ్‌లతో కలపడానికి కూడా ఇదే దారి: నిన్న మన ఇంటికి వచ్చిన అబ్బాయి అనే మాటలో అబ్బాయికి ముందున్నదంతా ఇంగ్లీషులో అబ్బాయి తరువాతకు వెళుతుంది, వచ్చిన అన్న మాట హూ కేమ్‌గా విడిపోతుంది.

మర్యాదగా అడిగే వాక్యాలు రాయమని పరీక్షలో ఇస్తారు. మన భాషలో మర్యాద గారులో, మీరులో, ఇవ్వండి అన్నప్పటి చివరి అండిలో ఉంది. ఇంగ్లీషులో యూ ఒక్కటే కాబట్టి ఆ మర్యాదంతా కుడ్ యూ, వుడ్ యూ మైండ్ అనే మొదటి మాటల్లోకి వెళ్లింది. వుడ్ యూ మైండ్ తరువాత క్రియకు ఐఎన్‌జీ చేర్చాలన్నది మరచిపోతే మార్కు పోతుంది. ప్రిపోజిషన్లకు ఇలాంటి తేలిక దారి ఏదీ ఆమె దగ్గర లేదు, ఎవరి దగ్గరా ఉండదేమో. వాటిని వాక్యాలతో సహా గుర్తుపెట్టుకోమని చెప్పి, రోజుకు అయిదు చొప్పున రాయించారు.

ప్రతి విద్యార్థికీ ఒక తప్పుల పుస్తకం ఉంటుంది. ఎడమ పేజీలో తాను రాసిన తప్పు వాక్యం, కుడి పేజీలో సరైన వాక్యం, దాని కింద ఆ తప్పు ఎందుకు వచ్చిందో తెలుగులో ఒక్క ముక్క. మా అమ్మాయి పుస్తకంలో జూలై పేజీలన్నీ నిండుగా ఉన్నాయి, అక్టోబరుకు వచ్చేసరికి పలచబడ్డాయి, జనవరిలో సంక్రాంతి సెలవుల తరువాత మళ్లీ నిండాయి, ఫిబ్రవరిలో కొన్నే ఉన్నాయి. తప్పులున్న పేరాను సరిచేసే ప్రశ్నకు ఇంతకంటే మంచి తయారీ నాకు తోచదు, తన తప్పును తానే ఏడాదిపాటు దిద్దుకున్న పిల్లకు ఇతరుల తప్పు చప్పున కనబడుతుంది. నాకు ఈ పుస్తకం మరో రకంగానూ విలువైనది. మార్కుల పత్రం చెప్పని సంగతులు అది చెబుతుంది. నా కూతురికి ఏ విషయం ఎప్పుడు అర్థమైందో, ఏ తప్పు ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో తేదీలతో సహా ఉంది.

పదజాలం దగ్గర నా అభిప్రాయం మిశ్రమంగా ఉంది. ఒక మాట నుంచి పుట్టే వివిధ రూపాలను, అంటే నామవాచకం, క్రియ, విశేషణం, క్రియావిశేషణాలను ఒకే కుటుంబంగా పేరా నుంచే తీయించడం చాలా బాగుంది. ఏటికొప్పాక బొమ్మల పేరాలో నేచురల్ అన్న మాట రాగానే నేచర్, నేచురల్లీ కూడా రాయించి, ఖాళీకి ముందూ వెనకా ఏముందో చూసి ఏ రూపం సరిపోతుందో తేల్చమనేవారు. నిఘంటువు చూడడం కూడా పని కట్టుకుని నేర్పారు. ఒక మాట కింద ఇచ్చిన అర్థాల్లో ఈ వాక్యానికి సరిపడేది ఎన్నోది అని అడిగేవారు. ఆదివారాల్లో వీలైనవారు ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లి ఇంగ్లీషు పత్రికలో ఒక వార్త చదివి, తెలియని అయిదు మాటలు రాసుకుని రావాలని చెప్పారు. నేను నెలకు రెండుసార్లు తీసుకువెళ్లాను, ఆ ప్రయాణాలు మా ఇద్దరికీ మంచి జ్ఞాపకాలు.

అయితే దీనితోపాటు వారానికి 20 మాటల చొప్పున ఒక జాబితా ఇచ్చి, సమానార్థకాలు, వ్యతిరేకార్థకాలు అప్పజెప్పించుకునేవారు. ఇది మాత్రం పాత పద్ధతే. శనివారం అప్పజెప్పిన 20 మాటల్లో మరుసటి నెలలో ఎన్ని గుర్తున్నాయని నేనే ఒకసారి ఇంట్లో అడిగి చూస్తే ఏడుకు మించలేదు. అదే పేరాల్లోంచి తీసిన మాటలైతే దాదాపు అన్నీ చెప్పింది. ఈ సంగతి మేడంకు చెప్పాను. పరీక్షకు తక్కువ సమయం ఉందని, జాబితా తప్పదని అన్నారు. నేను ఏకీభవించలేదు, ఇప్పటికీ ఏకీభవించను.

స్పెల్లింగుల మీద శ్రద్ధ మాత్రం మెచ్చుకోదగినది. మన లిపిలో పలికినదే రాస్తాము కాబట్టి, రిసీవ్‌లోనూ బిలీవ్‌లోనూ ఒకే ఈకారం వినిపిస్తుంటే ఒకదానిలో ఈ ముందు, మరొకదానిలో ఐ ముందు ఎందుకు రావాలో పిల్లలకు వింతగా ఉంటుంది. పరీక్షలో సరిగ్గా ఇలాంటి జంట అచ్చులను ఖాళీగా వదిలి పూరించమంటారు. ఆమె రోజూ పది మాటలు డిక్టేషన్ చెప్పేవారు, తప్పిన మాటను వాక్యంలో పెట్టి మూడుసార్లు రాయించేవారు.

సొంతంగా రాసే 30 మార్కుల భాగం ఇక్కడ బలహీనం. ఉత్తరం, సంభాషణ, జీవిత రేఖాచిత్రం, డైరీ పుట వంటి వాటికి ఒక్కో చట్రం ఇచ్చి అందులో వివరాలు నింపమంటారు. చట్రం ఉండడం తప్పు కాదు, ఉత్తరానికి తేదీ, చిరునామా, సంబోధన ఎక్కడ రాయాలో తెలియాలి. కానీ పాతికమంది రాసిన ఉత్తరాలు ఒకే వాక్యంతో మొదలై ఒకే వాక్యంతో ముగిస్తే, చదవడంలో అంత స్వేచ్ఛ ఇచ్చిన చోట రాయడంలో ఎందుకు ఇవ్వలేదన్న ప్రశ్న వస్తుంది. నవంబరులో ఒక సంభాషణ రాయమన్నప్పుడు మా అమ్మాయి రైతు బజారులో బేరమాడిన సంగతి రాసింది. అది చాలా బాగుంది, మేడం కూడా పైకి చదివి వినిపించారు. అలాంటివి ఏడాదిలో రెండు మూడే రాయించారు. మాట్లాడడం విషయంలో ఈ ట్యూషన్ నుంచి ఏమీ ఆశించకూడదు, అది తన పని కాదని ఆమె మొదటి రోజే చెప్పారు.

మరికొన్ని లోపాలు కూడా ఉన్నాయి. జిరాక్స్ కాగితాలు కొన్ని వెలిసిపోయి చదవడానికి కష్టంగా ఉండేవి. డిసెంబరు తరువాత పరీక్ష పేపర్లు దిద్ది ఇవ్వడానికి రెండు వారాలు పట్టింది. ఒక్కరే పాతిక పత్రాలు అక్షరం అక్షరం చూస్తారు కాబట్టి ఆలస్యం అర్థం చేసుకోగలను, అయినా ఫిబ్రవరిలో ప్రతి వారమూ విలువైనదే. అన్నిటికంటే నన్ను బాధపెట్టినది, బాగా వెనుకబడిన ముగ్గురు నలుగురు పిల్లల పరిస్థితి. అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లలకు ముప్పావు గంటలో పేజీ పేరా అందదు. వారికి విడిగా చిన్న పేరాలు ఇస్తే బాగుండేది. ఒక అబ్బాయి సెప్టెంబరులో మానేశాడు.

ఫీజు నెలకు 700 రూపాయలు, ఏడాది ముందుగా కట్టమని అడగరు, మానేసిన నెల నుంచి తీసుకోరు. జిరాక్సులకు విడిగా డబ్బు లేదు. గదిలో బల్లలు లేవు, చాపల మీద కూర్చుని ఒడిలో అట్ట పెట్టుకుని రాయాలి. ఆడపిల్లలు ఆలస్యమైతే ఇంటివారు వచ్చేదాకా ఆమె వరండాలో నిలబడి ఉంటారు.

ఫలితం అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. 46తో మొదలైన పిల్లకు ప్రీఫైనల్లో 78, పబ్లిక్ పరీక్షలో 83 వచ్చాయి. పోయిన 17లో ఎక్కువ భాగం రాసే భాగంలోనే పోయి ఉంటాయని నా అంచనా. మా అబ్బాయి వచ్చే జూన్‌లో తొమ్మిదో తరగతికి వస్తాడు, వాడిని కూడా ఇక్కడికే పంపుతున్నాము. ఈసారి వాడు వారానికి ఒక పేజీ ఏదో ఒకటి సొంతంగా రాసి తెస్తే చట్రం పక్కన పెట్టి దిద్దాలని మేడంను ముందే అడిగాను. చూస్తానన్నారు. అక్కయ్య తప్పుల పుస్తకం వాడు ఇప్పటికే చదవడం మొదలుపెట్టాడు. కదా పేజీ దగ్గర ఆగి, నిన్న వాళ్ల అమ్మను ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగాడు. చివరి ముక్క సరిగ్గానే వచ్చింది.